దొంగపేజీ

పోయిన నెలలో యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా చేరిన లెక్చరర్ అట. యూనివర్సిటీ పుట్టుపూర్వోత్తరాల మీద ఒక సంచిక వేస్తున్నారట, మొదటి రోజుల్లో పనిచేసినవాళ్ల ఇళ్ల నుంచి జ్ఞాపకాలు సేకరిస్తున్నారట. మా బాపు, అంటే మా నాన్న, అక్కడ మొట్టమొదటి లైబ్రరీ అటెండరు కాబట్టి ఆయన గురించి మంచి జ్ఞాపకం ఏదైనా ఉంటే రెండు పేజీలు రాసిమ్మని అడిగింది. "మంచిదే కావాలా?" అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "మీ ఇష్టం మేడం" అంది. నవ్వు వినేసరికి నాకు కొంచెం కోపం వచ్చింది. ఆ రోజులను తలుచుకుంటే నాకు నవ్వు రాదు. అరవై దాటినా ఆ భయం పోలేదు.

అయినా ఆటో మాట్లాడుకుని వెళ్లి చూసొచ్చాను. ఊరి బయట పెద్ద కమాను, లోపల సిమెంటు రోడ్డు, రెండు పక్కలా గన్నేరు చెట్లు. లైబ్రరీయే మూడంతస్తులు. గుమ్మం దగ్గర రెండు ఇనుప రెక్కలు నిలబెట్టారు. పుస్తకంలో ఏదో సన్నటి తీగ అంటిస్తారట, రాయించుకోకుండా బయటికి తీసుకెళ్తే ఆ రెక్కలు అరుస్తాయట. నేను వట్టి చేతులతోనే వాటి మధ్య నుంచి నడిచాను. అయినా ఆ నాలుగడుగులు వేసేంత సేపు ఊపిరి బిగబట్టాను. పక్కనున్న అమ్మాయి నాకు మెట్లెక్కి ఆయాసం వచ్చిందనుకుంది.

మా చిన్నప్పుడు ఇది యూనివర్సిటీ కాదు. పీజీ సెంటరు అనేవాళ్లు. అసలు యూనివర్సిటీ ఎక్కడో దూరంగా ఉండేది, దాని కొమ్మ ఒకటి తెచ్చి మా పట్నంలో మూతపడ్డ జిన్నింగు మిల్లులో నాటారు. పత్తి నిలవచేసిన గోదాములే క్లాసులు. పత్తి బేళ్లు తూచిన గది లైబ్రరీ. రేకుల కింద దూలాలకు పాత పత్తి ఇంకా వేలాడుతుండేది. గాలి గట్టిగా వీస్తే పాఠం చెబుతున్న సారు నెత్తిమీద పింజ రాలేది. ఎండాకాలం గోడలనుంచి పత్తిగింజల నూనె వాసన వచ్చేది. చొప్పదండి బస్సు దిగి వచ్చే పిల్లలు ఆ వాసనకు ముక్కు మూసుకుని, నాలుగు రోజులకు అలవాటుపడి, అక్కడే సద్దులు విప్పుకుని తినేవాళ్లు.

మా బాపు అక్కడ దినకూలీ మీద అటెండరు. అవ్వ, మా అమ్మ, ఇంట్లో బీడీలు చేసేది. మా ఇంట్లో దేవుడి పేరు కంటే ఎక్కువసార్లు వినిపించిన మాట పర్మనెంట్. బాపు పర్మనెంట్ అయితే ఇల్లు మారుదాం, బాపు పర్మనెంట్ అయితే నిన్ను పెద్ద బడిలో వేద్దాం. దానికి పక్కనే ఇంకో మాట ఉండేది. సెంటరు ఎత్తేస్తరట. నెలకోసారి ఎవరో ఒకరు ఆ కబురు మోసుకొచ్చేవాళ్లు. వేరే ఊరివాళ్లు అడుగుతున్నారు, మన దగ్గర బిల్డింగు లేదు, పుస్తకాలు లేవు, అందుకని ఎత్తేస్తరట. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మాను. తెల్లవారుజామున వందమంది వచ్చి నాలుగు మూలలా పట్టుకుని మిల్లును ఎత్తుకుపోతారని అనుకునేదాన్ని. రోజూ బడికి పోతూ ముందు సందు మొదట్లో ఆగి, రేకుల కప్పు కనిపిస్తుందో లేదో చూసి, కనిపించాకే కదిలేదాన్ని. ఈ సంగతి తెలిసి అవ్వ నవ్వింది గాని బాపు నవ్వలేదు. ఆయన కూడా పొద్దున్నే ఆ సందులోనే ఆగేవాడని తర్వాతెప్పుడో చెప్పాడు.

బడి వదలగానే నేను లైబ్రరీకి పోయేదాన్ని. తక్కెడ దిమ్మె మీద కూర్చుని అవ్వ కట్టిచ్చిన సర్వపిండి ముక్క కొరుకుతూ బాపు పని చూసేదాన్ని. కొత్త పుస్తకం వస్తే ముందు పేజీ మీద ఊదారంగు ముద్ర వేయాలి, దాని కింద నంబరు రాయాలి. ఆ తర్వాత లోపల ఎక్కడో ఒక పేజీ తీసి అక్కడ కూడా చిన్నగా ముద్ర వేయాలి. ఆ పేజీ నంబరు అన్ని పుస్తకాలకూ ఒక్కటే. పైవాళ్లు దాన్ని రహస్య పేజీ అనేవాళ్లు, బాపు దొంగపేజీ అనేవాడు. ముందు పేజీ చింపేసి పుస్తకం నాదే అని దబాయించే దొంగ ఆ పేజీ దగ్గర దొరికిపోతాడు. నాకు పదకొండేళ్లు నిండాక ఒకరోజు బాపు ఆ అంకె నా చెవిలో చెప్పాడు.

"గిది మనిద్దరి నడుమనే ఉండాలె బిడ్డా. బయట చెప్పినవంటే నా నౌకరి పోతది."

ఆ అంకె ఎంతో నేను ఇప్పటికీ చెప్పను. అది విన్న రోజు నుంచి బడిలో ఎక్కాలు చదువుతూ ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేదాన్ని. పంతులమ్మ నాకు ఆ ఎక్కం రాదనుకుని బెత్తంతో కొట్టింది కూడా.

మిల్లు వెనక గల్లీలో పుస్తకాలకు జిల్దు, అంటే బైండింగు, కట్టే చాచా ఉండేవాడు. సన్నటి మనిషి, వేళ్లు మాత్రం లావు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ ఆయన దగ్గరికే పోయేవి, పుస్తకాలు మోసుకుని బాపు వెనకాల నేనూ పోయేదాన్ని. అట్టలు అంటించడానికి మైదాపిండితో ఆయన వండే లై గంజి వాసన వేసేది. పురుగు పట్టకుండా దాంట్లో మైలుతుత్తం కలుపుతాడు. కలపకముందే వేలు ముంచి నాకాలని నా కోరిక. ఒకసారి నాకాను కూడా, అది కలిపాకనో కలపకముందో తెలియక ఆ పూటంతా చస్తానేమోనని మూలకు ముడుచుకుని కూర్చున్నాను. చాచీ సంగతి తెలుసుకుని నాకింత తియ్యటి మలీదా పెట్టి, ఇక బతుకుతావు పో అని పంపింది.

చాచా పుస్తకం వీపు మీద బంగారు రంగు అక్షరాలు అద్దేవాడు. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ ఏదైనా సరే. చీటీ మీద ఎవరైనా రాసిస్తే పక్కన పెట్టుకుని, ఒక్కో అచ్చూ దానితో పోల్చి చూసి పేర్చేవాడు. ఒకసారి ఒక పేరు మొత్తం తలకిందులుగా అద్దాడు. అందరూ నవ్వితే ఆయనా నవ్వాడు. నేను అది వేళాకోళానికి చేశాడనుకున్నాను.

ఆ ఏడు చలికాలంలో కమిటీ వస్తుందన్నారు. రాజధాని నుంచి పెద్దవాళ్లు వచ్చి గదులు, పుస్తకాలు లెక్కచూసి, సెంటరు ఉండాలా పోవాలా తేలుస్తారట. ఉండాలంటే ఉన్నవాటికి రెండింతలు పుస్తకాలు కావాలట. ఇన్‌చార్జి సారు మంచివాడే, కానీ ఆయన మాత్రం ఎక్కడనుంచి తెస్తాడు? మా దిక్కు తనిఖీ అంటే అప్పుడు అందరూ చేసేదే ఆయనా చేశాడు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగాడు. వకీళ్ల ఇళ్లనుంచి, రిటైరైన హెడ్మాస్టర్ల ఇళ్లనుంచి బాపు సైకిలు మీద మోసుకొచ్చాడు. ఏ పుస్తకం ఎవరిదో చీటీ రాసి లోపల పెట్టాడు. కమిటీ పోగానే ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. చేతిరాత పుస్తకం ఒకటి చూపిస్తే కమిటీ మురిసిపోతుందని ఇన్‌చార్జి సారుకు ఎవరో చెప్పారు. అలాంటిది చాచా ఇంట్లో ఉంది.

అది చాచా వాళ్ల నాయన రాసింది. ఆయన హకీము. బోథ్ దిక్కు ఊళ్లు తిరుగుతూ మందులిచ్చేవాడట. చాచాకు ఊహ తెలియకముందే పోయాడు. దళసరి కాగితాలు, గొలుసుకట్టు రాత, అంతా ఫార్సీ, ఉర్దూ కలిసి ఉంటుందట. చాచా దానికి తన చేత్తో తోలు జిల్దు కట్టి, ఆకుపచ్చ బట్టలో చుట్టి గూట్లో పెట్టుకున్నాడు. సారు అడిగితే మూట దించి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు. సెంటరు నిలబడితే ఉర్దూ కూడా ఇస్తారంటున్నారు, అప్పుడు ఉర్దూ సారు వస్తాడు గదా, ఆయన ఈ పుస్తకం చదివి తనకు వినిపించాలి. చాచాకు తెలుగు అక్షరం రాదు, నమాజుకు కావలసినంత అరబ్బీ నోటికొస్తుంది, నాయన రాత మాత్రం ఒక్క ముక్క తెలియదు. ఇన్నేళ్లుగా ఎవరినీ అడగడానికి మొహమాటపడ్డాడట. జిల్దు కట్టేవాడికి చదువు రాదని బయటపడితే పుస్తకాలెవరిస్తారని ఆయన భయం. ఆ రోజు నాకు మొదటిసారి తెలిసింది, పుస్తకాల మధ్యే బతికే చాచాకు చదవడం రాదని.

కమిటీ వచ్చే ముందు రోజు సాయంత్రం బాపు, నేను ఎదురెదురుగా కూర్చుని పనిచేశాం. నడుమ రెండు కుప్పలు. ఒకటి సెంటరు డబ్బులతో కొన్న కొత్త పుస్తకాలు, వాటి దొంగపేజీలకు ముద్ర వేయాలి. రెండోది అడుక్కొచ్చినవి, వాటిని ముట్టుకోకూడదు. "ఎడమ పక్కయి నువ్వు ఎయ్యి" అని బాపు నాకు ముద్ర ఇచ్చి, ఇన్‌చార్జి సారు పిలిస్తే లేచిపోయాడు. బాపుకు ఎడమ పక్క అంటే ఎదురుగా కూర్చున్న నాకు కుడి. నేను నా ఎడమచేతి పక్కనున్న కుప్ప మీది పుస్తకం తీశాను. తోలు అట్ట మెత్తగా బాగుంది. పేజీలకు నంబర్లు లేవు. కాగితాలు లెక్కపెట్టుకుంటూ పోయి, లెక్క సరిపోయిన చోట ముద్ర గట్టిగా అద్దాను. పుస్తకం మూశాక దాంట్లోంచి చీటీ జారిపడింది. చీటీ మీద బాపు రాత. జిల్దు చాచా. ఆ పుస్తకాన్ని నేను అంతవరకు ఆకుపచ్చ బట్టలోనే చూశాను.

లోపలి పేజీ కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. కానీ దొంగను పట్టించేదే ఆ పేజీ అని నాకు తెలుసు. చీటీ మళ్లీ లోపల పెట్టి, కుప్ప మార్చి, మిగతావన్నీ సరిగ్గా వేశాను. బాపు వచ్చి నా నెత్తి నిమిరాడు. అప్పుడే చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ సాయంత్రం బాపు మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. రెండు రోజులుగా ఆయన అన్నం సరిగా తినడం లేదు.

కమిటీ వచ్చింది, పోయింది. బగార అన్నం, నాటుకోడి కూర తిన్నారని, చాచా పుస్తకాన్ని ఒక పెద్దమనిషి చాలాసేపు తిరగేసి ఇది మీదేనా అని అడిగితే ఇన్‌చార్జి సారు మాదేనన్నాడని బాపు ఇంటికొచ్చి చెప్పాడు. సెంటరు నిలబడింది. ఇంకా మూడు సబ్జెక్టులు ఇచ్చారు, ఉర్దూ కూడా వాటిలో ఉంది. ఊరంతా పండగలా ఉంది. అడుక్కొచ్చిన పుస్తకాలన్నీ వారంలో ఎవరివి వాళ్లకు చేరాయి. చాచా పుస్తకం ఆకుపచ్చ బట్టలోకి, గూట్లోకి వెళ్లిపోయింది, లోపల మా ముద్రతో.

ఆ తర్వాత రెండు నెలలకు పోలీసు జీపు వచ్చింది. ఆ కాలంలో మా దిక్కు జీపు చప్పుడు వినిపిస్తే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. చదువుకునే పిల్లలు అడవి బాట పట్టిన రోజులు. ఇంట్లో ఎర్ర అట్ట పుస్తకం ఉంటే తల్లులు పొయ్యిలో పెట్టేవాళ్లు, అది ఏ పుస్తకమో కూడా చూసేవాళ్లు కాదు. జీపులోంచి దిగిన పోలీసాయన నేరుగా లైబ్రరీలోకి వచ్చాడు. నేను దిమ్మె మీదే ఉన్నాను. ఆయన చేతిలో ముందు పేజీలు చింపేసిన పుస్తకం ఉంది. ఒక విద్యార్థి గదిలో దొరికిందట, వాడు నాది కాదంటున్నాడట. ఇది మీ పుస్తకమేనా, ఎవరు తీసుకెళ్లారు అని బాపును అడిగాడు. బాపు పుస్తకం అందుకుని దొంగపేజీ తీశాడు. ఊదారంగు ముద్ర కనిపించింది. రిజిస్టరు తీసి పేరు చెప్పక తప్పలేదు. ఆ విద్యార్థి వారానికి విడిచిపెట్టగా ఇంటికి చేరాడట గాని మళ్లీ సెంటరుకు రాలేదు. ఒక రాత్రి బాపు "ముద్ర ఉన్నదని చెప్తి. నేనే చెప్తి" అని అవ్వతో అనడం విన్నాను.

నాకు మాత్రం చాచా గూడు కళ్లముందు కదిలింది. ఆయన ఇంట్లో సర్కారు ముద్ర ఉన్న పుస్తకం ఉంది. రేపు జీపు ఆ గల్లీలోకి పోతుంది. పుస్తకం తీస్తారు, దొంగపేజీ తీస్తారు, బాపును పిలిచి ఇది మీదేనా అంటారు, బాపు మాదే అంటాడు. చాచాను జీపెక్కిస్తారు. ఆయనకు చదవడం రాదు, దాంట్లో ముద్ర ఉన్నట్టు కూడా తెలియదు. లేదా బాపు మాది కాదంటాడు, అప్పుడు ముద్ర ఎట్లా వచ్చిందని బాపునే ఎక్కిస్తారు. ఏ దారిన పోయినా జీపే. జొన్నరొట్టె సగం కొరికి లేచిపోయేదాన్ని. అవ్వ దిష్టి తీసింది. రాగిరేకు కట్టించింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే బాపు నౌకరి పోతుందన్న మాట ఒక్కటే నా చెవిలో ఉంది.

ఒక మధ్యాహ్నం చిరిగిన పుస్తకాలు రెండు ఇచ్చిరమ్మని బాపు పంపాడు. చాచా నమాజుకు పోయాడు. చాచీ లోపల బియ్యం చెరుగుతోంది, చాట చప్పుడు వినిపిస్తోంది. నేను పీట ఎక్కి ఆకుపచ్చ మూట దించాను. ముద్ర ఉన్న కాగితం దొరికింది. అది దళసరిగా ఉండి ఊరికే రాలేదు. చాట చప్పుడు వచ్చినప్పుడల్లా కొంచెం, ఆగినప్పుడు ఆగి, మళ్లీ కొంచెం చింపాను. నాలుగు మడతలు పెట్టి పలకసంచిలో దాచి, మూట కట్టి పైన పెట్టి, చాచీకి చెప్పకుండానే వచ్చేశాను. ఇంట్లో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. కాగితం మంటలో పెట్టాను. అది తొందరగా అంటుకోలేదు. అవ్వ వచ్చి ఏంది కాలబెడుతున్నవని అడిగింది. పరీక్ష కాయిదమని చెప్పాను. మార్కులు తక్కువొచ్చి దాస్తున్నానని అవ్వ వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఆ దెబ్బలు నాకు హాయిగా అనిపించాయి. ఆ రాత్రి ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నాను.

ఆదివారం చాచా మా ఇంటికి వచ్చాడు. చంకలో ఆకుపచ్చ మూట. అంతకుముందు ఆయన ఎన్నడూ మా గడప తొక్కలేదు, గల్లీ చివర నిలబడి పిలిచేవాడు. నేను అవ్వ వెనక బీడీల చాట దగ్గర కూర్చుని, ఆకు కత్తిరిస్తున్నట్టు తల వంచుకున్నాను. చాచా పుస్తకం విప్పి బాపుకు చూపించాడు. ఒక కాగితం ఊడి విడిగా ఉంది.

నేను చింపిన కాగితం అది కాదు. అది కాలిపోయింది. పుస్తకం కుట్టే పద్ధతి నాకు అప్పటిదాకా తెలియదు. పెద్ద కాగితాలను నడిమికి మడిచి, ఒకదానిలో ఒకటి దోపి, మడత మీద దారంతో కుడతారు. అంటే ప్రతి కాగితానికీ అవతలి పక్క ఒక జోడి ఉంటుంది. ఇవతలి సగం చింపితే అవతలి సగానికి పట్టు పోయి జారిపోతుంది. నేను ఒకటి చింపితే, నేను ముట్టుకోని ఇంకొకటి ఊడిపడింది.

"దీని జోడి పోయింది భాయి" అన్నాడు చాచా.

బాపు కమిటీ దగ్గర చిరిగిందేమో, తన చేతుల్లో ఉన్నప్పుడే పోయిందేమో అని చేతులు జోడించాడు. సారుకు చెప్పొద్దు, పర్మనెంటు కాయితాలు నడుస్తున్నయి అని బతిమాలాడు. మా బాపు ఒకరి ముందు అట్లా వంగడం నేను మొదటిసారి చూశాను. చాచా ఆయన చేతులు పట్టుకుని కిందికి దించాడు. జర ఫికర్ చెయ్యకు, నేను అడగొచ్చింది అందుకు కాదు అన్నాడు. అప్పుడు నన్ను పిలిచాడు.

"బిడ్డా, గీ పుస్తకం ఏ దిక్కు నుంచి మొదలైతదో ఎరుకేనా?"

నేను ఎడమ పక్క అట్ట చూపించాను. మాకు తెలిసిన పుస్తకాలన్నీ అటే మొదలవుతాయి. చాచా తల అడ్డంగా ఊపి, పుస్తకాన్ని తిప్పి కుడి పక్క అట్ట తెరిచాడు. "గిటు నుంచి" అన్నాడు. నేను లెక్కపెట్టింది చివరి నుంచి. ఎవరైనా ఆ పుస్తకంలో దొంగపేజీ వెతికితే ముందునుంచి లెక్కపెట్టి చూసి, అక్కడ ఏమీ లేదని పోయేవాళ్లు. నేను దాన్ని చింపాల్సిన పనే లేకపోయింది.

అంతలో చాచా బొటనవేలు చూశాను. చిరిగిన చోటికి ఎదురుగా ఉన్న కాగితం మీద ఆ వేలు అదిమిపెట్టి ఉంది. బాపుకు పుస్తకం చూపించినంత సేపూ అక్కడినుంచి కదలలేదు. పేజీ తిప్పబోతూ ఒక్క క్షణం తీశాడు. దాని కింద లేత ఊదారంగు మరక. నేను గట్టిగా అద్దిన ముద్ర తడి ఆరకముందే మూసేశాను కదా, ఎదుటి పేజీకి అంటుకుంది. మా లైబ్రరీ పుస్తకాలు వందలకొద్దీ కుట్టిన మనిషికి ఆ మరక ఏమిటో తెలియదా, తాను నమాజుకు పోయిన పూట నేను ఇచ్చిపోయిన రెండు పుస్తకాలు చూసి, చింపింది ఎవరో తెలియదా? మళ్లీ వేలు పెట్టాడు. పుస్తకం మూశాడు. అవ్వ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. బాపుకు ఆ మరక సంగతి చివరిదాకా తెలియదు.

ఎండాకాలం సెలవులు అయ్యాక ఉర్దూ సారు వచ్చాడు. ఆదిలాబాద్ మనిషి, తెలుగు మాట్లాడుతుంటే నడుమ మరాఠీ ముక్కలు పడేవి. ఇన్‌చార్జి సారు మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి గురువారం మధ్యాహ్నం క్లాసులయ్యాక చాచా ఆకుపచ్చ మూటతో లైబ్రరీకి వచ్చేవాడు. తెల్లటి అంగీ, నెత్తిన టోపీ. ఉర్దూ సారు చదివి అర్థం చెప్పేవాడు. చాచా రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బడిపిల్లాడిలా వినేవాడు. బాపు తలుపు దగ్గర నిలబడేవాడు. నేను దిమ్మె మీద.

అంతా మందులే. ఫలానా ఊళ్లో ఫలానావాళ్ల కోడలికి ఏడు రోజుల జ్వరం, ఏం ఇచ్చాను, ఎట్లా తగ్గింది. తేలుకాటుకు ఒకటి, పంటినొప్పికి ఒకటి. గురువారానికి నాలుగు కాగితాలు అయ్యేవి. నేను దిమ్మె మీద నుంచే లెక్కపెట్టేదాన్ని, చిరిగిన చోటికి ఇంకా ఎన్ని ఉన్నాయో. పన్నెండు గురువారాలు. పది. ఏడు. మునుపు జీపుకు భయపడ్డాను, ఇప్పుడు గురువారానికి భయపడ్డాను. ఆ కాగితం మీద కూడా ఏ దగ్గు మందో, కడుపునొప్పి మందో ఉంటే చాలని దేవుడికి మొక్కుకున్నాను. చాచా నావైపు చూసేవాడు కాదు. ఒకసారి మాత్రం జేబులోంచి చక్కెర బిళ్ల తీసి నా పక్కన పెట్టాడు. దాన్ని తినలేకపోయాను.

ఆ గురువారం వచ్చింది. సారు ఒక పిల్లవాడి మశూచి సంగతి చదివి, పేజీ చివరికి వచ్చి, ఆగాడు. ఇది మందు కాదు, ఇల్లు తలుచుకుని రాసుకున్నట్టుంది అన్నాడు. మెల్లగా చదివి చెప్పాడు. "నా చిన్నకొడుకుకు నాలుగేండ్లు. నేను మందు నూరుతుంటే నా పక్కన కూర్చుని కాయిదాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆడుకుంటడు. వాన్ని చూస్తే నాకు."

సారు పేజీ తిప్పాడు. అవతల మలబద్ధకానికి సునాముఖి ఆకు కషాయం. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. చిరిగిన అంచు వేలితో తడిమి, నడుమ ఒకటి పోయినట్టుంది అన్నాడు. ఎవరు చింపారని అడిగాడు. తలుపు దగ్గర బాపు తల దించుకున్నాడు. నేను దిమ్మె మీది నుంచి లేచాను. చెప్పేయాలనే లేచాను. బాపును చూసి మళ్లీ కూర్చున్నాను.

"ఎలుకలు కొట్టినై సార్" అన్నాడు చాచా. "మా ఇంట్ల ఎలుకలు ఎక్కువ."

తర్వాత ఆ వరుస మళ్లీ చదవమని అడిగాడు. సారు చదివాడు. ఇంకోసారి అడిగాడు. సారు ఇంకోసారి చదివాడు, "నాకు" దగ్గర ఆగాడు. చాచా తల ఊపుతూనే ఉన్నాడు. చేతులు మాత్రం మోకాళ్ల మీద లేవు, ఒళ్లో ఉన్న ఆకుపచ్చ బట్టను మడతలు పెడుతూ, విప్పుతూ ఉన్నాయి. ఆ చిన్నకొడుకు చాచానే, పుస్తకం మొత్తంలో ఆయన మాట ఆ ఒక్క చోటే వచ్చింది. మిగతా కాగితాలన్నీ చదివారు గాని ఇంకెక్కడా రాలేదు.

ఆ మరుసటి ఏడు బాపు పర్మనెంట్ అయ్యాడు. సెంటరుకు ఊరి బయట భూమి ఇచ్చారు. మిల్లు నుంచి పుస్తకాలు లారీల్లో పోయాయి. చాలా ఏళ్లకు అది సొంతంగా యూనివర్సిటీ అయింది, దానికి వీసీ వచ్చాడు, చుట్టూ గోడ వచ్చింది. అప్పటికి బాపు రిటైరయ్యాడు. అదంతా ఆ అమ్మాయి దగ్గర ఫైళ్లలో ఉంటుంది, నేను రాయనక్కరలేదు. నేను ఆ సెంటరులోనే ఎమ్మే చదివాను. చదివినన్నాళ్లూ ఏ పుస్తకం తీసుకున్నా దొంగపేజీ ఒకసారి తీసి చూసి మూసేదాన్ని.

చదువయ్యాక నాకు బోథ్ దగ్గర టీచరు ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు చాచాకు చెప్పిపోదామని గల్లీకి వెళ్లాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది, సూదిలో దారం చాచీ ఎక్కించి ఇస్తోంది. నేను ఆయన పక్కన చాప మీద కూర్చున్నాను. ఆ రోజు చెప్పాలనే వెళ్లాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక లై గిన్నెలో పుల్ల తిప్పుతూ కూర్చున్నాను. చాచీ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. అప్పుడు ఆయనే, చేతిలో పని ఆపకుండా, చిన్నగా అడిగాడు.

"బిడ్డా, గా కాయిదం మీద ఎన్ని వరుసలుండె?"

కోపం లేదు. ఎందుకు చింపావని లేదు. ఇన్నేళ్లలో ఆయనకు నా దగ్గర కావలసింది అదొక్కటే. వాళ్ల నాయన ఆ మాట ఎంత దూరం రాశాడో తెలుసుకోవాలి. రెండు వరుసలు రాసి మళ్లీ మందుల్లో పడ్డాడా, కాగితం చివరిదాకా రాశాడా. ఆ కాగితాన్ని ఆఖరుగా చేతిలో పట్టుకున్నది నేను. నాకు గుర్తు లేదు. గుర్తు లేదనడం కూడా తప్పే, నేను అసలు చూడనే లేదు. భయపడిన ఆ పిల్ల కళ్లకు మా ముద్ర తప్ప ఆ కాగితం మీద ఇంకేమీ కనిపించలేదు.

"నిండుగ ఉండె చాచా" అన్నాను. "రెండు దిక్కులా నిండుగ ఉండె."

ఆయన సూది ఆపాడు. "రెండు దిక్కులానా" అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. లోపలినుంచి చాయ్ తెస్తున్న చాచీని పిలిచి ఆ మాటే చెప్పాడు, ఆమె నమ్మనట్టు చూస్తే నవ్వుతూ మళ్లీ చెప్పాడు.